అయిదో మొగ్గ

సర్కారు కాగితాల ప్రకారం మునిస్వామి చచ్చిపోయి పదిహేను నెలలైంది. ఆ చచ్చిపోయిన మనిషి 1943 మే నెలలో ఒక సోమవారం పొద్దున చిత్తూరులో బస్సు దిగి, గ్లాసుడు మజ్జిగ తాగి, చింతపండు మండీ వెనక మేడ మెట్లెక్కాడు.

తలుపు మీద ‘పశువుల టీకాల శాఖ’ అని బోర్డు. జపాను బాంబులకు భయపడి ముందటేడు మద్రాసు ఖాళీ అయినప్పుడు ఎన్నో ఆఫీసులు చిత్తూరుకు తరలి వచ్చాయి. భయం తగ్గాక కూడా తిరిగి వెళ్ళనివాటిలో అదొకటి. లోపల పశువులూ లేవు, టీకాలూ లేవు. మిలిటరీ ఇంటెలిజెన్సు మేజర్ ప్రేమానందం ఒక్కడే బల్ల వెనక కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

“కూర్చో, ఏజెంట్ నైన్. ఒంట్లో ఎలా ఉంది?”

“చచ్చినవాడికి ఒళ్ళేమిటి సార్?”

మేజర్ నవ్వలేదు. సింగపూరు పడిపోయిన వారం మునిస్వామిని చేపల పడవలో బయటికి తెప్పించింది ఆయనే. మర్నాడే ‘యుద్ధంలో మరణించాడు’ అని అతని నాయనకు టెలిగ్రాం కొట్టించిందీ ఆయనే. చచ్చినవాణ్ణి ఏ శత్రువూ వెతకడు గనుక డిపార్టుమెంటుకు అంతకంటే మంచి ఏజెంటు దొరకడు. ఆ టెలిగ్రాం అందుకున్న ముసలాయన ఏమయ్యాడో మునిస్వామి చూసిన ఏ ఫైల్లోనూ లేదు.

మేజర్ బల్ల మీదికి ఒక ఫోటో తోశాడు. “ఇదేమిటో చెప్పు.”

మునిస్వామి ఫోటోను ముట్టుకోలేదు. “మా కార్వేటినగరం అత్తరు బుడ్డి సార్. మేం కంసాలులం, మా ముత్తాత నాయన చేసింది. మేలిమి బంగారం. ఒళ్ళంతా పచ్చ మీనాతో, అంటే నిప్పులో కరిగించిన గాజు రంగుతో, ఒక తీగ, తీగకు ఎర్ర మొగ్గలు. పైన అత్తరు పోసే గది, అడుగున దొంగ గది ఒకటి.”

“దొంగ గది ఎందుకు?”

“ప్యాలెస్‌లో ఒక రాణి చేయించుకుంది. పైన మొగలి అత్తరు, కింద విషం. ఒక మధ్యాహ్నం ఆమె కిందిది తెరిచింది. అప్పట్నుంచీ మా ఊళ్ళో ఆమె పేరు పలకరు. ‘ఆయమ్మ’ అంటారు. మిట్టమధ్యాహ్నం పాత ప్యాలెస్ వసారాలో మనిషి లేకుండానే మొగలి వాసన వస్తుందని చెప్పుకుంటారు. బుడ్డిని ప్యాలెస్‌లో ఉంచుకోవడానికి భయపడి మా ఇంట్లోనే దాపెట్టించినారు.”

“నువ్వు నమ్ముతావా?”

“ఇప్పుడు నేనూ ఆయమ్మ లాంటివాణ్ణే గదా సార్.”

మేజర్ విసనకర్ర పక్కన పెట్టాడు. “అయితే విను. కెల్నర్ అని ఒకడు. స్విస్ పాస్‌పోర్టు. పైకి పాత వస్తువుల వ్యాపారి, లోపల జపాను ఏజెంటు. ఆ బుడ్డిని ప్యాలెస్ వారసుల దగ్గర కొన్నాడు. పోయిన వారం మీ నాయన చేత దొంగ గదిలో ఒక కాగితం పెట్టించి మూయించాడు. మద్రాసు హార్బరు బయట మనం సముద్రంలో మైన్లు పరిచాం. వాటి మధ్య ఓడలు వచ్చే దారికి మ్యాపు అది. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండుకు కెల్నర్ కారులో వచ్చి బుడ్డి తీసుకుంటాడు. సాయంత్రం పులికాట్ ఒడ్డున పడవ. పడవ అవతల సబ్‌మెరైన్.”

“ఇప్పుడే పట్టుకుంటే పోదా సార్?”

“కెల్నర్ ఒక్కడే దొరుకుతాడు. ముఠా దొరకదు. నెల తిరిగేసరికి ఇంకో మ్యాపు ఇంకో దారిలో పోతుంది. అందుకని బుడ్డి పులికాట్ చేరాలి, లోపలి కాగితం చేరకూడదు. పడవ మన చేతిలోంచి జారిపోయినా మద్రాసు మిగలాలి. తెరిచిన గుర్తు కనిపించకుండా తెరవగలవా?”

“మా నాయన అంచు నలిపి మూసిన మూత పగలగొడితే తప్ప రాదు సార్.” మునిస్వామి ఫోటోను దగ్గరికి లాక్కున్నాడు. “తెరవకుండా ఒక దారి ఉంది. నిప్పు.”

తర్వాతి మాటలు చెప్పడానికి అతను కష్టపడ్డాడు. వాళ్ళ ఇంటి ఆచారం అది. ఆ తీగ మీద తరానికొక మొగ్గ. కొడుకు ఇరవయ్యో ఏట తన మొగ్గలో ఎర్ర మీనా నింపి, బుడ్డిని కుంపట్లో కాలుస్తాడు. కాల్చే ముందు పక్కనే, పుట్టబోయే తన కొడుకు కోసం, ఖాళీ మొగ్గ ఒకటి చెక్కుతాడు. తీగ మీద ఎప్పుడూ ఒక మొగ్గ ఖాళీగా ఉండాలి. ఇప్పుడు నాలుగు ఎర్రగా ఉన్నాయి. అయిదోది ఖాళీ. అది మునిస్వామిది. పందొమ్మిదో ఏట నాయనతో పోట్లాడి మిలిటరీకి పారిపోయాడు గనుక అది అలాగే ఉండిపోయింది.

“కొడుకు చచ్చిపోతే?” అన్నాడు మేజర్.

“నాయనే ఆ మొగ్గ నింపి కాల్చేస్తాడు. కొత్తది చెక్కడు. వంశం అయిపోయిందని అర్థం. ఆ వేడికి లోపలి కాగితం బూడిదవుతుంది సార్. కానీ టెలిగ్రాం వచ్చి ఇన్ని నెలలైనా ఆయన నింపలేదు. ఈ ఫోటోలో ఖాళీగానే ఉంది.”

“ఎందుకు నింపలేదో నేను చెబుతాను.” మేజర్ సొరుగులోంచి ఒక ఉత్తరం నకలు తీశాడు. “కెల్నర్ మనుషులు నీ పేరుతో సింగపూరు జైలు నుంచి రాసినట్టు ఉత్తరాలు పంపుతున్నారు. బతికే ఉన్నాను నాయనా, వీళ్ళు చెప్పినట్టు చేస్తే నన్ను వదిలేస్తారు అని. మీ నాయన చేసింది దేశద్రోహమే. నీ కోసం చేశాడు.”

మునిస్వామి ఆ ఉత్తరాన్ని మడిచి వెనక్కి తోశాడు. “అంటే నేను పోయి, నేను చచ్చిపోయినానని మా నాయనకు చెప్పాలి.”

“నమ్మించాలి. బతికున్నావని తెలిస్తే ఆ సంతోషం ఆయన ముఖంలో దాగదు. పన్నెండింటికి కెల్నర్ చూసేది ఆ ముఖాన్నే. ఇది ఆర్డరు.” మేజర్ గొంతు కొంచెం తగ్గింది. “ముఠాలో మన మనిషి ఒకరున్నారు. అవసరమైతే వాళ్ళే అడుగుతారు, మీ ఊళ్ళో మొగలి పొద ఉందా అని. పాములకు భయపడి కొట్టేశామని నీ జవాబు.”

చివర్లో దొంగ అడుగున్న ఇత్తడి చెంబు ఒకటి ఇచ్చాడు. అడుగున చిన్న పిస్తోలు ఉంది.

మొహం మార్చుకోవడానికి తిరుపతికి మించిన ఊరు లేదు. మునిస్వామి నడిచి కొండెక్కి, గుండు చేయించుకుని, నెత్తికి గంధం పూసుకుని దిగాడు. చెంప మీద బంకతో ఒక మచ్చ, కళ్ళకు నల్లద్దాలు, గొంతు బొంగురు పోవడానికి డిపార్టుమెంటు డాక్టరిచ్చిన మాత్ర. మొక్కు తీర్చుకుని వచ్చే గుండ్లతో కిటకిటలాడే రైల్లో ఎవరూ అతని వైపు రెండోసారి చూడలేదు. పుత్తూరులో దిగి జట్కా ఎక్కాడు.

బుధవారం పది దాటాక కార్వేటినగరంలో తన ఇంటి గడప ముందు నిలబడ్డాడు.

ఏడేళ్ళలో ఏమీ మారలేదు. అదే చాప, అదే కుంపటి, బంగారు రజను రాలితే పట్టడానికి గడప పక్కన అదే ఇత్తడి తాంబాళం. గోడకు అతని ఫోటో ఉంది. దానికి వేసిన దండ తీసేసి పక్క మేకుకు తగిలించారు. పూలు ఎండి రాలిపోగా దారం మిగిలింది. తన దండను తనే చూసి మునిస్వామి తలుపు తట్టాడు.

“ఎవురది?” అన్నాడు అతని నాయన ఎల్లప్పాచారి కుంపటి ముందు నుంచి. జానెడు దూరంలో చీమ కాలు కూడా కనిపించే కళ్ళాయనవి. ఆపైన మనిషి ముఖం మసక. నలభై ఏళ్ళు నిప్పులోకి చూసిన ఫలితం అది.

“నా పేరు కుప్పయ్య, పెద్దాయనా. మీ మునిస్వామితో మిలిటరీలో ఉంటిని.”

“మా వాని సావాసగాడివా! రా అప్పా, కూసో.” ముసలాయన చాప మీద చోటు చూపించాడు. “వాడు జాబులు రాస్తానే ఉండాడులే. కడుపుకు బాగానే పెడతా ఉండారంట. ఈ పని అయిపోతే వానిని వదిలేస్తారంట. ఈ పొద్దు మద్దేనం దొర వస్తాడు.”

బుడ్డి ఆయన మోకాలి పక్కనే పట్టు గుడ్డ మీద ఉంది. అయిదో మొగ్గ ఖాళీగా, బంగారు రంగులో మెరుస్తోంది.

“ఆ జాబులు వాడు రాసినవి కావు, పెద్దాయనా.”

పట్టకారు ముసలాయన చేతిలో ఆగింది.

“వాడు సింగపూరులోనే పోయినాడు. నా పక్కనే. కొండ కింద గుంతలో పండుకోని ఉంటిమి. గుండు ఈడ, గొంతు కింద తగిలింది. నీళ్ళు అడిగినాడు. నా బుడ్డిలో నీళ్ళు లేవు.”

చెబుతున్నది కట్టుకథ కాదు. ఆ గుంతలో ఆ రోజు చచ్చిపోయింది అసలైన కుప్పయ్య. నీళ్ళు లేనిది మునిస్వామి బుడ్డిలో. పేర్లు రెండూ తారుమారు చేసి అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. చెబుతుంటే ఎవరు బతికారో ఎవరు పోయారో తనకే తెలియకుండా పోయింది.

ఎల్లప్పాచారి కుంపటి బూడిద కెలికాడు. “పోయేటప్పుడు ఏమన్నా అన్నాడా?”

ఈ ప్రశ్నకు డిపార్టుమెంటు జవాబేదీ తయారు చేసి పంపలేదు.

“మొగ్గ నింపకుండా వచ్చేస్తిని, నాయనతో అట్లా మాట్లాడకుండా ఉండాల్సింది అన్నాడు.”

ఆ ఒక్క మాటా మునిస్వామి సొంతం. ముసలాయన తలెత్తలేదు. ఆయన వేళ్ళు ఖాళీ మొగ్గను వెతుక్కుని దాని మీద ఆగాయి.

“సరే అప్పా. నువ్వు పోయి అరుగు మీద కూసో. నాకు పని ఉండాది.”

మునిస్వామి లేచాడు. తాంబాళం మీద పంచె దులిపి, రెండు అరికాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి తుడిచి, గడప దాటాడు.

అరుగు మీద కూర్చున్నాక లోపల ఉలి చప్పుడు మొదలైంది. టిక్, టిక్, టిక్. మీనా నింపే ముందు మొగ్గను గీకి శుభ్రం చేస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. తన సమాధి తవ్వుతున్న చప్పుడు వింటున్నట్టుగా ఉంది. అంతసేపు పడుతుందా అని కూడా అనిపించింది గానీ, ముసలి చేతులు గదా అని సరిపెట్టుకున్నాడు.

“కుప్పయ్యా, కదలొద్దు.”

పెరటి వైపు సందులోంచి ఒక స్త్రీ వచ్చి నిలబడింది. బెంగుళూరు పట్టు చీర, ఎర్ర పెదవులు, ముంజేతికి వేలాడే పూసల సంచీ. సంచీ మూతి మునిస్వామి పొట్ట వైపు తిరిగి ఉంది. ఆమె చెయ్యి సంచీ లోపల ఉంది. మద్రాసులో గ్రామఫోను ప్లేట్లకు పాడే దేవకమ్మ. ఆమె అమ్మ ఒకప్పుడు ఇక్కడి ప్యాలెస్‌లో పాడేది. ఇప్పుడు ఆమె కెల్నర్ కారులో తిరుగుతోంది.

“బుడ్డికి కాపలా అని కెల్నర్ పెట్టినాడు, పొద్దున్నుంచీ లోపలి గదిలోనే ఉండాను. అంతా విన్నాను, చూసినాను. సావు బాగా చెప్పినావు.” ఆమె నవ్వింది. “పాడు చేసుకున్నది లేచేటప్పుడు. కంసాలి ఇంట్లోంచి పోతా, రజను బయటికి పోకుండా అరికాళ్ళు తుడుసుకునేది ఎవురబ్బా? కంసాలి కొడుకు. సిపాయికి ఆ అలవాటు యాడిది?”

మునిస్వామి చెయ్యి చెంబు అడుగుకు జారింది. ఇద్దరిలో ఎవరి వేలు ముందు కదులుతుందో తేలడానికి ఎంతోసేపు పట్టదు.

“ఒకటి అడుగుతాను,” అంది దేవకమ్మ. “మీ ఊళ్ళో మొగలి పొద ఉండాదా?”

“పాములకు భయపడి కొట్టేసినాం.”

ఆమె సంచీ మూసి అరుగు అంచున కూలబడింది. “ఆ జాబులు రాసింది నేనే. పద్నాలుగు. నువ్వు చిన్నప్పుడు ఏమి తినేవాడివో, దేనికి ఏడ్చేవాడివో మీ నాయన జవాబుల్లో చదివి మళ్ళా దాన్నే కలిపి రాసేదాన్ని. ఇన్నాళ్ళూ నిన్ను బతికించింది నేను. ఈ పొద్దు చంపింది నువ్వు.”

“ఆయన జవాబుల్లో ఇంకా ఏముండాది?”

“అన్నిట్లోనూ చివర ఒకటే మాట. తప్పు నాదే, రా అని.”

మునిస్వామి నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ కాలేదు.

లోపల ఊదుగొట్టం బుసకొడుతోంది. కాసేపటికి గుమ్మంలోంచి వాసన వచ్చింది. మొదట సన్నగా, తర్వాత గాలి ఆడనంత దట్టంగా. మొగలి వాసన. నూరేళ్ళుగా బుడ్డి గోడలకు పట్టుకుని ఉన్న అత్తరు నిప్పు తగిలి లేచిందని మునిస్వామికి తెలుసు. తెలిసినా ఒళ్ళు జలదరించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి నిశ్శబ్దమైంది. ఎదురింటి ఆమె “ఆయమ్మ!” అని ఒక్క కేక వేసి తలుపు మూసుకుంది. ఒకదాని తర్వాత ఒకటి వీధిలో తలుపులన్నీ పడ్డాయి.

అప్పుడే వీధి మొదట్లో కారు హారను మోగింది. దేవకమ్మ వాచీ చూసింది. పదకొండు నలభై.

“ముందే వచ్చేసినాడు! ఇంకా నిప్పులోనే ఉండాది గదా?”

“తీసి చల్లార్చాలి. పది నిమిషాలైనా పడతాది.”

కెల్నర్ కారు దిగాడు. పొడుగాటి మనిషి, తెల్ల సూటు, మోకాళ్ళ దాకా తాళ్ళతో బిగించిన బూట్లు. ఆ బూట్లు చూడగానే దేవకమ్మ ముఖం వెలిగింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. కుంపటి ముందుకి తోలు రాకూడదు, వస్తే ఆచారి బుడ్డి చేతికివ్వడు అని. కెల్నర్ గొణుక్కుంటూ అరుగు మీద, గుండు యాత్రికుడి పక్కనే కూర్చుని తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. తన పక్కన ఉన్నది ఎవరో అతనికి తెలియదు. ఒక తాడు ముడిపడింది. మునిస్వామి వినయంగా వంగి, సాయం చేస్తున్నట్టే దాన్ని ఇంకాస్త బిగించాడు.

కెల్నర్ ఉత్తి కాళ్ళతో లోపలికి వెళ్ళేసరికి ఎల్లప్పాచారి బుడ్డిని పట్టు గుడ్డతో తుడుస్తున్నాడు. అయిదో మొగ్గ రక్తం చుక్కంత ఎర్రగా ఉంది.

కెల్నర్ బుడ్డిని అందుకుని ఉలిక్కిపడ్డాడు. “వెచ్చగా ఉంది! ఎందుకు?” అతని ముక్కల తెలుగులో అనుమానం మొలిచింది.

“ఆయమ్మ వస్తువు దొరా. ఊరు దాటిస్తా ఉంటే వేడెక్కుతాది. వాసన రాలేదా నీకు?” అన్నాడు ముసలాయన తొణక్కుండా.

దేవకమ్మ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది. చెబుతూ రెండడుగులు వెనక్కి వేసింది. కెల్నర్ మూసిన తలుపుల వీధి వైపు చూశాడు. గాలి పీల్చాడు. ముఖంలో రంగు తగ్గింది.

“ఈ ఎరుపు?”

“లక్క పూసినాను. ఖాళీగా బాగలేదని నువ్వే అంటివి గదా.”

కెల్నర్ భూతద్దం పెట్టి అడుగు మూత చూశాడు. అంచు చెక్కు చెదరలేదు. తర్వాత ఆచారి ముఖం చూశాడు. చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“ఎందుకు ఏడుస్తున్నాడు?”

“నాలుగు తరాల వస్తువు ఇల్లు దాటుతా ఉండాది. ఏడవడా మరి?” అంది దేవకమ్మ.

ఆ సమాధానం కెల్నర్‌కు నచ్చింది. బుడ్డిని రుమాల్లో చుట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, వీలైనంత త్వరగా కారెక్కాడు. దేవకమ్మ వెనక సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

మునిస్వామి గడప దగ్గరికి వచ్చాడు. లోపలికి వెళ్తే నిజం దాచలేనని తెలుసు.

“పోయొస్తా, పెద్దాయనా.”

ఎల్లప్పాచారి కుంపట్లో నిప్పులు ఆర్పుతూ ఉన్నాడు. “పోయిరా అప్పా. ఎండ మండతా ఉండాది. గుండుకు గుడ్డ కట్టుకో.”

పుత్తూరు దాకా మునిస్వామి నడిచే వెళ్ళాడు. జట్కాలు దొరక్క కాదు. ఎవరి పక్కనా కూర్చోగలిగే స్థితిలో లేడు.

మూడో రోజు తిరుపతిలో ఒక సత్రం గదిలో మేజర్ ప్రేమానందం అతనికి కాఫీ పోసి ఇచ్చాడు. పులికాట్‌లో పడవ దొరికింది. కెల్నర్, అతని మనుషులు పదకొండు మంది దొరికారు. సబ్‌మెరైన్ ఎవరి కోసమూ ఆగలేదు. దేవకమ్మ క్షేమం. బుడ్డి అడుగు మూత పగలగొట్టి చూస్తే లోపల చిటికెడు నల్లటి బూడిద మిగిలింది.

“మద్రాసు నీకు రుణపడి ఉందయ్యా. తెలియదు గనుక చెప్పుకోదు.” మేజర్ బుడ్డిని బల్ల మీద పెట్టాడు. “ఒక సంగతి అర్థం కాలేదు. ఇదిగో, ఈ ఎర్ర మొగ్గ పక్కన ఇంకోటి ఉంది. బియ్యపు గింజంత. రంగు లేదు. పోయిన వారం ఫోటోలో ఇది లేదు.”

మునిస్వామి బుడ్డిని కిటికీ వెలుగులోకి పట్టుకున్నాడు. అయిదో మొగ్గ పక్కన ఆరో మొగ్గ. అంచులు కొత్తగా, పదునుగా ఉన్నాయి. టిక్, టిక్, టిక్. అంతసేపు చెక్కింది ఇదన్నమాట. అరికాళ్ళు తుడుచుకోవడం లోపలి గదిలోని దేవకమ్మే చూసింది. గడప పక్కనే కూర్చున్న ముసలాయనకు, ముఖం మసకైనా, కొడుకు ఆ అలవాటు తెలియదా? తెలిసీ నిప్పు రాజేశాడు. తెలిసీ కెల్నర్ ముందు ఏడ్చాడు, ఆ కన్నీళ్ళు దేనివో ఎవరికీ అందకుండా.

అతని వేలు ఖాళీ మొగ్గ మీద ఆగిపోయింది. ఈసారి నల్లద్దాలు లేవు. మేజర్ మర్యాదగా కిటికీ బయటికి చూశాడు.

“రంగు అయిపోయిందా మీ నాయనకు?”

“లేదు సార్. నాకు ఆర్డరు పంపినాడు.”

“ఏమని?”

“పెళ్ళి చేసుకోమని. ఇంకో టెలిగ్రాం కొట్టించండి సార్, నేను బతికే ఉన్నానని. చచ్చినవాడికి పిల్లనెవరిస్తారు?”